ఐదు నిమిషాల్లో చేసిన ఫోను

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 27 ఏళ్ళు. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి మూడేళ్ళుగా ఇంటి నుంచే క్లౌడ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. గత నెల ఒక మధ్యాహ్నం కమాండ్లు కొట్టే టెర్మినల్ విండోలు రెండు పక్కపక్కన తెరుచుకుని, టెస్ట్ డేటాబేస్ అనుకుని ప్రొడక్షన్ డేటాబేస్‌ను, అంటే నిజమైన ఆర్డర్లు ఉన్నదాన్ని, తుడిచేశాను. అది మందులు పంపిణీ చేసే ఒక క్లయింటుది. ఐదు నిమిషాల్లో మా లీడ్‌కు ఫోను చేసి చెప్పాను. నేను తుడిచింది ఒంటిగంటకు. ఉన్నది రాత్రి 2 గంటల బ్యాకప్ ఒక్కటే. డేటాలో జరిగే మార్పుల చిట్టాలను (లాగులను) ఎప్పటికప్పుడు వేరే చోట దాచే ఏర్పాటు ఉండేదట, ఖర్చు తగ్గించడానికి దాన్ని ఎవరో ఆపేశారట. సాయంత్రం 5 గంటలకు సర్వీసు మళ్ళీ మొదలైంది గానీ 11 గంటల ఆర్డర్లు పోయాయి. నా అజాగ్రత్తే కారణమని మెయిల్ పెట్టి నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించారు.

వేరే ఉద్యోగం వెతుకుతున్నాను. ఇంటర్వ్యూలో ఈ సంగతి ఎత్తవద్దని స్నేహితులు అంటున్నారు. ఇంకో రెండు సర్టిఫికెట్లు చేస్తే ఈ మచ్చ కప్పుకుపోతుందా? విశాఖలో గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కదా, అక్కడ ప్రయత్నించనా? ఏఐ వచ్చాక అసలు ఈ ఉద్యోగాలే ఉండవనేవాళ్ళూ ఉన్నారు. మా నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసి మానుకున్నారు. "కంటికి కనపడని సరుకుకు కాపలా ఉద్యోగం ఎందుకురా, గ్రూప్స్ రాసుకో" అంటున్నారు. ఆ రోజు నుంచి ఏ కమాండ్ కొట్టబోయినా వేళ్ళు ఆగిపోతున్నాయి. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యాన్ని మీరు మధ్యలో ఎక్కడో పారేశారు. "ఐదు నిమిషాల్లో మా లీడ్‌కు ఫోను చేసి చెప్పాను." మిగతాదంతా సంజాయిషీ. ఇదొక్కటి మాత్రం లెక్కలోకి రాని విషయంలా రాసి వదిలేశారు. నేను ఈ పనిలోకి వచ్చి పదిహేడేళ్ళయింది. ఆ ఫోను చెయ్యలేకపోయినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో మొదటిదాన్ని నేనే.

2013. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ, వంటింటి సామాను ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారం. శుక్రవారం సాయంత్రం. కొందరు కొనుగోలుదారుల పిన్‌కోడులు ఖాళీగా ఉన్నాయి, నింపమన్నారు. స్క్రిప్టు రాశాను. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి విజయవాడలో మా ఇంటి పిన్‌కోడు, పటమటది, పెట్టి పరీక్షించుకున్నాను. అసలు డేటా మీద నడిపేటప్పుడు ఆ పిన్‌కోడు తీసెయ్యడం మరిచిపోయాను. ఎవరెవరివి మార్చాలో చెప్పే షరతు లైను కూడా కాపీ కాలేదు. నాలుగు సెకన్లలో దేశంలోని మా కొనుగోలుదారులందరూ పటమట వాస్తవ్యులైపోయారు.

మా మేనేజరు నాకు పదడుగుల దూరంలో నిలబడి టీ తాగుతున్నారు. లేచి వెళ్ళి చెప్పడానికి కాళ్ళు రాలేదు. సోమవారం దాకా సరుకు పంపేది లేదు కదా, ఈలోగా పాత మెయిళ్ళలోంచి ఏరుకుని నేనే సరిచేస్తాను అనుకున్నాను. శనివారం, ఆదివారం హాస్టల్ గదిలో అన్నం కూడా సరిగా తినకుండా అదే పని. వందల్లో సరిచేశాను. ఉన్నవి వేలు.

నేను ఆలోచించనిది ఒకటుంది. రోజూ రాత్రి ఒంటిగంటకు డిస్కు స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో ఉన్న డేటాకు నకలు, తీసి, చివరి మూడింటినే ఉంచుకుని, పాతదాన్ని తీసేసే ఏర్పాటు మాది. శుక్రవారం సాయంత్రం నేను తప్పు చేసేటప్పటికి మూడు మంచి స్నాప్‌షాట్లు ఉన్నాయి. ఆ రాత్రి ఒకటి పోయి, దాని స్థానంలో పటమట స్నాప్‌షాట్ వచ్చింది. మరుసటి రాత్రి ఇంకొకటి. సోమవారం తెల్లవారేసరికి మూడూ పటమటే. శుక్రవారం ఆ పదడుగులు నడిచి ఉంటే అరగంటలో తేలిపోయే పని. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. ఆరుగురు మనుషులు తొమ్మిది రోజులు ఫోన్లు పట్టుకుని "సార్, మీ పిన్‌కోడు ఒకసారి చెబుతారా" అని అడుగుతూ కూర్చున్నారు. ఉద్యోగం పోలేదు. కానీ ఏడాదిపాటు నాకు ప్రొడక్షన్ లాగిన్ ఇవ్వలేదు. మా మేనేజరు అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది: "స్క్రిప్టు తప్పయినందుకు కాదమ్మా, రెండు రోజులు మింగినందుకు."

అందుకే, దాచాలా అని మీరడిగితే నాకు కొంచెం నవ్వొచ్చింది. చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైన సమయంలో మీరు దాచలేదు. ఇప్పుడు నెల తర్వాత, ఎవరో ముక్కూమొహం తెలియని ఇంటర్వ్యూ మనిషి ముందు దాచడం మొదలుపెడతారా?

ఇక తప్పు ఎవరిది అన్న సంగతి. తప్పు మీదే, దాన్ని పలచన చెయ్యను. రెండు నల్లటి విండోలు ఒకేలా ఉన్నాయన్నది కారణమే గానీ సాకు కాదు. ప్రొడక్షన్ విండోకు ఎర్ర రంగు వేసుకోవడం రెండు నిమిషాల పని. అయితే మీ కంపెనీ మెయిల్‌లో రాసిన "అజాగ్రత్తే కారణం" అన్నది కూడా సగం నిజమే. ఒక మామూలు మధ్యాహ్నం, మామూలు పనికి కూర్చున్న మనిషికి ప్రొడక్షన్ డేటాబేస్‌ను తుడిచే అధికారం ఎందుకుంది? టెస్టుకూ ప్రొడక్షన్‌కూ వేర్వేరు అకౌంట్లు ఎందుకు లేవు? రోజువారీ లాగిన్ చదవడానికే ఉండి, మార్చాలంటే ఇంకొకరి అనుమతితో గంటసేపు మాత్రం తెరుచుకునే వీలు ఉంటుంది. అది ఎందుకు పెట్టలేదు? ఆ లాగులు ఆపేసిన మనిషికి వెళ్ళిన మెయిల్ ఏది? ఆ ఏర్పాటు ఉండి ఉంటే మీ వల్ల పోయేది 11 గంటల ఆర్డర్లు కాదు, కొద్ది నిమిషాలవి.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు అచ్చం మీలాగే పొరబడ్డాడు. రాత్రిపూట, అలిసిపోయి, రెండో సర్వర్‌లో తుడవాల్సినదాన్ని అసలు సర్వర్‌లో తుడిచాడు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ. బ్యాకప్‌లు చూద్దామంటే, ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ సరిగా పనిచెయ్యడం లేదని ఆ రాత్రే బయటపడింది. ఒక బ్యాకప్ చాలా రోజులుగా విఫలమవుతూనే ఉంది. విఫలమైందని చెప్పే మెయిళ్ళు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసుకున్న ఒక స్నాప్‌షాట్ ఆదుకుంది. ఆ మరమ్మతును వాళ్ళు యూట్యూబ్‌లో అందరికీ ప్రత్యక్షంగా చూపించారు. జరిగినదంతా పూస గుచ్చినట్టు రాసి బయటపెట్టారు. ఆ ఇంజినీరును ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు.

సరిగ్గా నాలుగు వారాలకు, ఫిబ్రవరి 28న, సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్ వంతు. ఉత్తర వర్జీనియాలో ఎస్3 నిల్వ సేవకు చెందిన కొన్ని సర్వర్లను తప్పించబోయి, కమాండ్‌లో ఇచ్చిన ఒక వివరం తప్పు పడటంతో చాలా ఎక్కువ సర్వర్లను తప్పించారు. దాని మీద ఆధారపడిన వెబ్‌సైట్లు గంటల తరబడి ఆగిపోయాయి. సేవలు ఎలా ఉన్నాయో చూపించే అమెజాన్ సొంత బోర్డు కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండటంతో మొదట్లో దాన్ని మార్చడం వాళ్ళకే కుదరలేదు. తర్వాత వాళ్ళు రాసిన వివరణలో మనిషి పేరు లేదు. ఒకేసారి అన్ని సర్వర్లను తప్పించకుండా, కనీస సంఖ్య కిందికి దిగనివ్వకుండా ఆ పనిముట్టునే మార్చామని ఉంది. మీ కంపెనీ మీకు మెయిల్ పెట్టింది సరే, పనిముట్టును మార్చిందా? మార్చకపోతే ఆ కుర్చీలోకి వచ్చే తర్వాతి మనిషి కూడా అదే పని చేస్తాడు.

బ్యాకప్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. నా అనుభవంలో మన ఇళ్ళకూ మన సర్వర్లకూ ఇందులో పెద్ద తేడా లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా పెద్దమ్మ ఇంట్లో నడుము దాటి నీళ్ళు నిలిచాయి. అందరి కళ్ళూ కృష్ణ మీద, ప్రకాశం బ్యారేజీ మీద ఉంటే నీళ్ళు వెనక నుంచి వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత నేను వెళ్ళేసరికి పెద్దమ్మ బీరువా కింది అరలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల ఇంటి దస్తావేజులు ఉప్మా ముద్దలా ఉన్నాయి. "జిరాక్సులు తీయించి పెట్టాను కదమ్మా" అంది. ఎక్కడ పెట్టావు అని అడిగితే అదే అరలో ఇంకో కవరు చూపించింది. చాలా కంపెనీల బ్యాకప్‌లు మా పెద్దమ్మ జిరాక్సులే. అదే అకౌంట్, అదే పాస్‌వర్డు, అదే మనిషి తుడిచెయ్యగలిగే చోటు.

వేరే అర అంటే ఏమిటో ఆస్ట్రేలియాకు చెందిన యూనిసూపర్ అనే పింఛను నిధికి బాగా తెలుసు. 2024 మే నెలలో గూగుల్ క్లౌడ్‌లో వాళ్ళ ముఖ్యమైన ఏర్పాటు ఒకటి తుడిచిపెట్టుకుపోయింది. ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ వైపు ఒక గడి ఖాళీగా వదిలేశారు. దాంతో దానికి ఏడాది గడువని సిస్టమ్ తనంతట తానే అనుకుంది, గడువు తీరగానే తుడిచేసింది. వేరే సంస్థ దగ్గర కూడా వాళ్ళ బ్యాకప్‌లు ఉండటం ఆ రోజు అక్కరకు వచ్చింది.

సర్టిఫికెట్ల గురించి. ఒకటి ఉంటే మంచిదే. అమెజాన్ వాళ్ళ అసోసియేట్ స్థాయి పరీక్షకు 150 డాలర్లు, అది మూడేళ్ళు చెల్లుతుంది, రెజ్యూమె జల్లెడలో కింద పడకుండా కాపాడుతుంది. రెండోదీ మూడోదీ భయంతో చేసేవి. వాటికి పెట్టే రెండు నెలల్ని ఇంకో పనికి పెట్టండి. సొంత అకౌంట్‌లో అన్నిటికన్నా చిన్న సైజు డేటాబేస్ ఒకటి పెట్టండి. నిమిషానికొక వరుస చేర్చే చిన్న స్క్రిప్టు నడపండి. ఒక రోజు గడిచాక, ఈసారి కావాలనే, లోపలి టేబుల్‌ను తుడిచెయ్యండి. గడియారం చూసుకుని తిరిగి తీసుకురండి. ఎంతసేపు పట్టింది, ఎన్ని వరుసలు పోయాయి, కాగితం మీద రాయండి.

మొదటిసారి మీకు కొన్ని ఆశ్చర్యాలు ఎదురవుతాయి. అమెజాన్ వాళ్ళ డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో తిరిగి తెచ్చిన డేటాబేస్ పాతదాని చోట కూర్చోదు. కొత్త పేరుతో, కొత్త చిరునామాతో పక్కన లేస్తుంది. అప్లికేషన్‌కు ఆ కొత్త చిరునామా చెప్పాలి. నెట్‌వర్క్ అనుమతులు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. "తుడవకుండా రక్షణ" అనే స్విచ్చు ఉంటుంది, అది వేశాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళు ఎక్కువ. ఆ స్విచ్చు డేటాబేస్ సర్వర్‌ను కాపాడుతుంది గానీ లోపల టేబుల్‌ను తుడిచే కమాండ్‌ను ఆపదు. ఇవి పరీక్ష పుస్తకంలో చదివితే ఒక చెవిన పడి ఇంకో చెవిలోంచి పోతాయి, చేత్తో చేస్తే నిలుస్తాయి. అయిదారుసార్లు చేశాక మీ వేళ్ళు ఆగిపోవడం కూడా తగ్గుతుంది. పూర్తిగా పోనక్కర్లేదు. తుడిచే కమాండ్ ముందు ఒక క్షణం ఆగే వేళ్ళు మంచివే.

మొదలుపెట్టే ముందు, ఖర్చు హద్దు దాటితే హెచ్చరించే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, కానీ దాన్ని తాళం అనుకోకండి. అది మోగే గంట మాత్రమే. అందులోని లెక్కలు మారడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది, కాబట్టి ఆ గంట కూడా ఆలస్యంగా మోగుతుంది. పని అయ్యాక అన్నీ తీసేశానని మనకు అనిపిస్తుంది. సర్వర్ తీసేసినా దాని డిస్కు మిగిలిపోవచ్చు. లోపలి సర్వర్లకు ఇంటర్నెట్ దారి ఇచ్చే నాట్ గేట్‌వే ఒకటి ఎవరికీ పనికిరాకుండా గంటగంటకూ తింటూ కూర్చుంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి వాడుతున్న పబ్లిక్ ఐపీ చిరునామాకు కూడా అద్దె పడుతోంది. అకౌంట్ తాళాల్లాంటి యాక్సెస్ కీలను కోడ్‌లో రాసి, కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో పెట్టవద్దని మీకు చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాను.

ఈ అద్దెల మాటే మీ నాన్నగారికి చెప్పండి. యార్డులో పనిచేసినవారు, కోల్డ్ స్టోరేజీ గురించి ఆయనకు మనం నేర్పేదేముంది? రైతు మిర్చి బస్తాలు, టిక్కీలు, తెచ్చి పెడతాడు, సరుకు పెట్టినట్టు బాండు కాగితం తీసుకుంటాడు, ఉన్నన్నాళ్ళూ అద్దె కడతాడు. గది చల్లగా ఉంచడం, కరెంటు, గోడలు, పైకప్పు, అవి యజమాని పని. ఎవరి టిక్కీలు ఎవరికిచ్చారు, బాండు ఎవరి చేతిలో పెట్టారు, పెట్టి మరిచిపోయిన సరుకుకు అద్దె ఎంత అయింది, ఇవి సరుకు పెట్టినవాళ్ళు చూసుకోవాలి. క్లౌడ్‌లో అమెజాన్‌కూ మనకూ ఉన్న ఒప్పందం ఇంతే. మీరు చేసేది ఆయన చేసిన గుమాస్తా పనే, చిట్టా తప్పు రాస్తే రాత్రి నిద్ర పట్టని పని. "కంటికి కనపడని సరుకు" అంటున్నారు గానీ, బాండు చేతులు మారినప్పుడల్లా ఆయన టిక్కీల్ని కిందికి దింపి చూశారా? కాగితం మీదేగా నడిపారు. గ్రూప్స్ రాయాలా వద్దా అన్నది వేరే విషయం. మీకు ఇష్టముంటే రాయండి. ఒక మధ్యాహ్నం నుంచి పారిపోవడానికైతే వద్దు.

విశాఖ సంగతి. గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది, అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు అని. రాష్ట్రానికి మంచి కబురే. కానీ డేటా సెంటర్ భవనంలో ఎక్కువగా కావలసింది కరెంటు, శీతలీకరణ, కేబుళ్ళు, కాపలా చూసేవాళ్ళు. మీ పని వేరు. అమెజాన్ ముంబయి కేంద్రం 2016లో, హైదరాబాద్ కేంద్రం 2022 నవంబరులో మొదలయ్యాయి. రెండింటిలోనూ సర్వర్లు నడిపాను, రెండింటి గేటూ చూడలేదు. మీరు బ్రాడీపేటలో కూర్చుని చేసేదాని కోసం విశాఖ రైలెక్కనక్కర్లేదు.

ఏఐ గురించి ఒక్కటే చెబుతాను. 2025 జులైలో, ఆన్‌లైన్‌లో ప్రోగ్రాములు రాసుకునే వేదిక రెప్లిట్ వాళ్ళ ఏఐ ఏజెంటు, మార్పులు చెయ్యవద్దని చెప్పినా వినకుండా, ఒక వినియోగదారుడి ప్రొడక్షన్ డేటాబేస్‌ను తుడిచేసింది. పైగా వెనక్కి తేవడం కుదరదని చెప్పింది. ఆయన ప్రయత్నిస్తే వచ్చింది. తప్పు చెయ్యడంలో అది మీకు సమానమే. చెప్పడంలో మీరే నయం.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలో కూడా రాస్తాను. వాళ్ళు అడిగేదాకా ఆగండి. "మీరు చేసిన పెద్ద తప్పు ఏమిటి" అని ఈ రంగంలో తరచుగా అడుగుతారు. అప్పుడు వరుసగా చెప్పండి: ఏం చేద్దామనుకున్నారు, ఏం చేశారు, ఎన్ని నిమిషాలకు ఎవరికి చెప్పారు, ఎన్ని గంటలు ఆగింది, ఎంత డేటా పోయింది, ఆ తర్వాత మీ చేతిలో ఉన్నంతవరకు ఏం మార్చారు. క్లయింటు పేరు ఎత్తవద్దు. పాత లీడ్‌ను తిట్టవద్దు. లాగులు ఆపేసిన మనిషి గురించి, వాళ్ళంతట వాళ్ళు అడిగితే, "ఆ ఏర్పాటు అప్పటికి లేదు" అంటే చాలు, అర్థమయ్యేవాళ్ళకు అర్థమవుతుంది. గొంతు తడబడినా ఫరవాలేదు. అది విని మిమ్మల్ని వద్దనేవాళ్ళు తప్పకుండా ఉంటారు, ఒకరో ఇద్దరో. అటువంటి చోట మీరు రెండో తప్పు చేసినప్పుడు ఐదు నిమిషాల్లో ఫోను చెయ్యలేరు.

ఏమైనా అడుగుతారా అని చివర్లో వాళ్ళు అన్నప్పుడు, జీతం, సెలవులు కాక ఇంకొకటి కూడా అడగండి: "మీరు బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తెచ్చి చూసింది చివరిసారి ఎప్పుడు?" నేను గత ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నాను. తేదీ చెప్పినవాళ్ళు ముగ్గురే. వాళ్ళలో ఒకరి దగ్గరే ఇప్పుడు పనిచేస్తున్నాను.

మీ ఉత్తరంలో ఒక్క సంగతి రాయలేదు. పోయిన ఆ 11 గంటల ఆర్డర్లను చివరికి ఎలా రాబట్టారు? మందుల దుకాణాలకు ఫోన్లు చేశారా, మెయిళ్ళలోంచి ఏరారా, లేక వదిలేశారా? అందులో మీరేం చేశారు? ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న అదే వస్తుంది. జవాబు ముందు నాకు రాయండి.